దేవుని సన్నిధి కోసం లోపల ఆకలిగా ఉంటే ఏం చేయాలి: రొయ్యల చెరువు గట్టు మీద నేర్చుకున్న సంగతులు

ఆదివారం ఆరాధనలో పాటలు పాడుతున్నంతసేపూ కళ్లు చెమరుస్తాయి, లోపల ఏదో కరుగుతున్నట్టు ఉంటుంది, ఇక రేపటి నుంచి నేను వేరే మనిషిని అనిపిస్తుంది. బయటికొచ్చి చెప్పుల గుట్టలో మన జత వెతుక్కునేలోపు సగం పోతుంది. ఇంటికెళ్లి కోడికూర తిని కాసేపు పడుకుని లేచేసరికి మిగతా సగం కూడా పోతుంది. సోమవారం పొద్దున్న అదే అప్పు, అదే కోపం, అదే మనం. "నాకు దేవుని సన్నిధి ఇంకా లోతుగా కావాలండీ, ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్లలో చాలామంది బాధ ఇదే. నేనూ కొన్నేళ్లపాటు కనపడిన ప్రతి దైవజనుణ్ణీ ఇదే అడిగాను.

నేను పాస్టర్‌ని కాదు, బైబిలు కాలేజీ గుమ్మం తొక్కలేదు. ఆకివీడు దగ్గర రెండెకరాల చెరువు లీజుకి తీసుకుని వెనామీ రొయ్య పెంచుతాను, రాత్రి కాపలా కూడా నాదే. కింద రాసేదంతా ఆ గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు మధ్య, ముందు తప్పు చేసి తర్వాత నేర్చుకున్నది. క్రైస్తవుడిగా రాస్తున్నాను, నాకు తెలిసిన మాటలు అవే. వేరే దారిలో దేవుణ్ణి వెతికేవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉంటే నిరభ్యంతరంగా తీసుకోండి.

ముందు ఆకలి గురించి

రొయ్యకి రోజుకి నాలుగు పూటలు మేత వేస్తాం. వేసినప్పుడల్లా కొంచెం మేత చెక్ ట్రేలో పెట్టి నీళ్లలోకి దింపి, రెండు గంటలాగి పైకి లాగి చూస్తాం. ట్రే ఖాళీగా ఉంటే ఆ పూటకి హాయిగా టీ తాగొచ్చు. మేత మేతలాగే ఉండిపోయిందంటే గుండెల్లో రాయి పడుతుంది, ఎందుకంటే నీళ్లలో ఏదో తేడా వచ్చింది, లేదా రొయ్యకి జబ్బు మొదలైంది. చెరువులో ఆకలి కనపడితే ఆరోగ్యం, ఆకలి లేకపోతే ప్రమాదం. ఏళ్ల తరబడి ఈ పని చేస్తూ కూడా నా విషయానికి వచ్చేసరికి ఈ లెక్క నాకు తట్టలేదు. దేవుని కోసం లోపల వెలితిగా ఉందంటే నా భక్తిలో లోపం ఉందనీ, ఏదో పాపం అడ్డుందనీ, పక్క వరసలో చేతులెత్తి ఏడుస్తున్నాయన నాకంటే పది మెట్లు పైనున్నాడనీ అనుకునేవాణ్ణి.

42వ కీర్తన ఒకసారి తీసి నిదానంగా చదవండి. దుప్పి నీటివాగుల కోసం ఆశపడ్డట్టు నా ప్రాణం నీకోసం ఆశపడుతోంది అంటాడు కీర్తన రాసినాయన. ఆ మాట మనకి ఎంత నచ్చిందంటే క్యాలెండర్ల మీద, గోడల మీద కూడా రాయించుకుంటాం. కానీ ఆ మనిషి పరిస్థితి చూడండి, రాత్రింబవళ్లు కన్నీళ్లే అన్నం, చుట్టూ ఉన్నవాళ్లు నీ దేవుడెక్కడ అని దెప్పుతున్నారు, ఒకప్పుడు జనంతో కలిసి పండగ చేసుకుంటూ మందిరానికి వెళ్లిన రోజులు గుర్తుకొచ్చి గుండె కోసుకుపోతోంది. దాహం తీరిన మనిషి రాసుకున్న కీర్తన కాదది, దాహంతో నాలుక పిడచకట్టినవాడి మాట. అది బైబిల్లో ఉందంటే ఆ దాహం తప్పు కాదనే కదా.

కాబట్టి మొదటి పని ఇది: ఈ వెలితిని పోగొట్టుకోవాలని తొందరపడకండి. రేపు ఎక్కడో పెద్ద కూటం ఉందంట, ఎవరో వస్తున్నారంట, వెళ్తే తీరిపోతుందంట అని పరిగెత్తకండి. కూటాలు వద్దని కాదు, నేనూ వెళ్తాను. కానీ అనుభూతికి అలవాటుపడితే దానికి మోతాదు పెంచుకుంటూ పోవాలి, పోయినసారి ఏడిపించిన పాట ఈసారి ఏడిపించదు. సన్నిధి వేరు, సన్నిధి మనకి తెలియడం వేరు. ఆకాశానికెక్కినా నువ్వున్నావు, పాతాళంలో పడుకున్నా నువ్వున్నావు అని 139వ కీర్తన చెప్పేది మొదటిదాని గురించి. మనం ఏడ్చేది రెండోదాని కోసం. మనం చేయగలిగిన పనులన్నీ కూడా ఆ రెండోదానికే, ఆయన్ని ఎక్కడి నుంచో దింపుకురావడానికి కాదు.

నిద్ర

ఇది ఆధ్యాత్మికం కాదనుకుంటారు గానీ నా లెక్కలో ఇదే ముందు రావాలి. ఏలీయా ప్రవక్త కథ గుర్తుందా, యెజెబెలు రాణి చంపుతానంటే భయపడి అడవిలోకి పోయి బదరీ చెట్టు కింద కూర్చుని నన్ను చంపెయ్ ప్రభువా అంటాడు. దేవదూత వచ్చి వాక్యం చెప్పలేదు, గద్దించలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ల బుడ్డి పెట్టి లేచి తిను అన్నాడు. తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. దేవుని పర్వతం, నిమ్మళమైన స్వరం, అవన్నీ ఆ రెండు నిద్రలూ రెండు భోజనాలూ అయ్యాకే. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో రీల్స్ తిప్పి తెల్లవారుజామున నాలుగింటికి ప్రార్థనకి లేచి, కునికిపాట్లు పడి, నాకు సన్నిధి తెలియడం లేదని ఏడిస్తే ఆ దూత కూడా ముందు పడుకో నాయనా అంటాడు.

చోటు, వేళ

రోజూ ఒకే చోటు, ఒకే వేళ పెట్టుకోండి. 15 నిమిషాలు చాలు. మొదట్లో గంట పెట్టుకుంటే మూడో రోజుకి మానేస్తారు, నేను మానేశాను.

వేకువ ప్రార్థన గొప్పదే, కాదనను, కానీ ఎవరో భక్తుడు మూడింటికి లేచేవాడని మనమూ మూడింటికే లేవాలని లేదు. మీ ఇంట్లో ఏ వేళ మిమ్మల్ని ఎవరూ పిలవరో ఆ వేళ చూసుకోండి. నాకు మూడున్నర కుదిరింది, అదీ భక్తితో కాదు. పగలు చెరువులో నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక అదే నాచు ఉన్న ఆక్సిజన్ కూడా వాడేసుకుంటుంది, అందుకని తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ స్టార్ట్ అవ్వకపోతే పంటంతా తేలిపోతుంది. కాబట్టి ఎలాగూ మెలకువగా ఉండాల్సిందే, ఆ ఖాళీ వేళని దేవుడికిచ్చాను, అంతే. మా వీధిలో ఒక అక్క కువైట్‌లో ఒక ఇంట్లో పన్నెండేళ్లు వంట చేసింది. శెలవు ఇచ్చేవాళ్లు కాదు, చర్చికి వెళ్లే వీలే లేదు, పడుకునేది కూడా పిల్లల గదిలోనే. రాత్రి అంట్లు తోమే వేళని తన వేళ చేసుకుంది. కుళాయి తిప్పితే చాలు నాకు ప్రార్థన మొదలైపోయేది రా అంటుంది, ఇప్పటికీ ఇంట్లో కోడల్ని అంట్లు ముట్టుకోనివ్వదు, ఎందుకో కోడలికి తెలీదు పాపం!

ఫోన్ మాత్రం పక్కన ఉండకూడదు. సైలెంట్‌లో పెట్టడం కాదు, వేరే గదిలో పెట్టాలి. బైబిలు ఫోన్‌లోనే ఉందండీ అంటారు, ఒక పాత బైబిలు సంపాదించండి, మీ అమ్మగారిదో నాన్నమ్మగారిదో బీరువాలో ఉండే ఉంటుంది. నేను ఫోన్ మోటారు షెడ్డులో పెట్టి గట్టు చివర ఉన్న కొబ్బరి మొద్దు మీద కూర్చుంటాను.

కూర్చున్నాక ఏం జరుగుతుంది

మొదటి వారం ఏమీ జరగదు, చెబుతున్నాను వినండి. కళ్లు మూయగానే మేత కొట్టువాడి బాకీ, పిల్ల ఫీజు, పెళ్లిలో ఎవరో అన్న మాట, అన్నీ వరసగా వస్తాయి. వాటితో కుస్తీ పట్టకండి. ఒక చిన్న మాట పట్టుకుని దానితో వెనక్కి రండి. యెరికో దారి పక్కన కూర్చున్న గుడ్డి బర్తిమయి అరిచిన మాటే నాది, దావీదు కుమారుడా, నన్ను కరుణించు. ఊపిరి పీల్చేటప్పుడు సగం, వదిలేటప్పుడు సగం. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో శతాబ్దాలుగా ఇలాంటి మాటనే పట్టుకుని ప్రార్థన చేసేవాళ్లున్నారు, కొత్త సంగతేం కాదు. పదిహేను నిమిషాల్లో నలభైసార్లు మనసు పారిపోతే నలభైసార్లు ఆ మాటతో వెనక్కి రావడమే ఆ రోజు ప్రార్థన.

వాక్యం చదివేటప్పుడు మూడు అధ్యాయాలు లాగించకండి. సువార్తల్లో ఒక్క సంఘటన తీసుకోండి, పది పన్నెండు వచనాలు. ఒకసారి పైకి వినపడేలా చదవండి. మళ్లీ చదువుతూ ఎక్కడ మనసు ఆగిందో చూడండి. మూడోసారి అదే సంఘటనని మీ మాటల్లో, మీ ఊళ్లో జరిగినట్టు మీకు మీరే చెప్పుకోండి. గెన్నేసరెతు సరస్సు నాకు ఎప్పుడూ మా కొల్లేరులాగే కనపడుతుంది, పేతురు వలలు కడుక్కునేది మా ఉప్పుటేరు ఒడ్డునే. అలా చెప్పుకుంటుంటే ఒక చోట ఆయన మీ వైపు తిరిగి చూసినట్టు ఉంటుంది. అక్కడ ఆగిపోండి, మిగతా వచనాలు రేపటికి ఉంటాయి.

ఇంకోటి, ఇది నాకు చాలా రోజుల నుంచి ఉన్న ఫిర్యాదు. ఇంట్లో శుభ్రంగా గోదావరి మాట మాట్లాడే మనిషి, ప్రార్థనకి కళ్లు మూయగానే "ప్రభువా, నీవు మమ్ములను కనికరించి దయచేయుదువు గాక" అని గ్రాంథికంలోకి దిగిపోతాడు. బైబిలు ఆ భాషలో ఉంది, వినీ వినీ అలవాటైంది, సంఘంలో అందరి ముందూ అలా చేస్తే ఫర్లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం అమ్మతో మాట్లాడే భాషలో మాట్లాడండి. మా నాన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని "ఏంటయ్యా, ఈ నెలా ఇంతేనా? చూస్తన్నావా అసలు?" అని దేవుణ్ణి నిలదీసేది. చిన్నప్పుడు తాతయ్యతో అంటోందనుకునేవాణ్ణి. ఆవిడకి సన్నిధి ఎక్కడుందో వెతుక్కునే అవసరం రాలేదు.

మౌనం మనకి కొత్త కాదు

ఊరికే కూర్చోవడం మన పద్ధతి కాదు, అది వేరే మతాలవాళ్లు చేసేది అని కొంతమంది భయపడతారు. మన డెల్టాలోనే చూడండి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే మిషనరీ గారితో కలిసి ఇంగ్లండ్ నుంచి బయలుదేరిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం చేరి మొదలుపెట్టిన బ్రదరెన్ సంఘాల్లో, రొట్టె విరిచే ఆరాధనలో ఎవరో ఒక సహోదరుడు లేచేదాకా అందరూ అలా నిశ్శబ్దంగా కూర్చునే ఉంటారు. రాజమండ్రి దగ్గర జేగురుపాడులో పుట్టిన దేవదాసు అయ్యగారు 1938లో మొదలుపెట్టిన బైబిలు మిషన్‌లో అయితే కనిపెట్టుకుని కూర్చునే దానికి పేరే సన్నిధి. కేథలిక్కులు సత్‌ప్రసాదం ముందు గంటల తరబడి మాట లేకుండా మోకాళ్ల మీద ఉంటారు, గౌరీపట్నం నిర్మలగిరికి ఎప్పుడైనా జనం లేని రోజు వెళ్తే ఆ నిశ్శబ్దం మీకే తెలుస్తుంది. మైకులూ కీబోర్డులూ పెరిగాక మనం మర్చిపోయాం గానీ ఊరకుండుడి అన్న మాట 46వ కీర్తనలో ఎప్పటినుంచో ఉంది.

ఏలీయా దగ్గరికే మళ్లీ వస్తాను. ఆ పర్వతం మీద పెద్ద గాలి వచ్చింది, దానిలో యెహోవా లేడు. భూకంపం, దానిలోనూ లేడు. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను చూసినవాళ్లకి పెద్ద గాలంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు, కోనసీమలో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. అంతటి గాలిలో లేనివాడు మన స్పీకర్ల సౌండులో కచ్చితంగా ఉంటాడని ఎందుకనుకుంటామో నాకు అర్థం కాదు.

తూము కథ

ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, కానీ ఇది లేకుండా పైన చెప్పిందంతా చప్పిడి కూడే.

ఒక ఏడు దాళ్వా, అంటే రెండో పంట రోజుల్లో చెరువు నీళ్లు మార్చాల్సి వచ్చింది. నీళ్లు వదలాల్సింది మురుగు కాలువలోకి. ఆ కాలువ గుర్రపుడెక్కతో నిండిపోయి నీరు కదలడం లేదు, డెక్క తీయించడానికి కూలీ ఖర్చవుతుంది. ఇటుపక్క పొలాలకి నీళ్లు పారే పంట బోదెలోకి తూము ఉంది. రాత్రికి రాత్రి ఆ తూము ఎత్తేశాను. మాది ఉప్పునీటి చెరువు. బోదె కింద మా బాబాయి వరి చేను ఉంది, ఎకరం. వారం పది రోజుల్లో చేను చివర్లు ఎర్రబడ్డాయి, తర్వాత పైరు గిడసబారిపోయింది. బాబాయి వచ్చి అడిగితే నాకేం తెలుసు, ఈ చుట్టుపక్కల ఇరవై చెరువులున్నాయి అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి మాటల్లేవు.

ఆ నెలలోనే మూడు రాత్రుల ఉజ్జీవ కూటాలకి వెళ్లాను. ముందు వరసలో కూర్చుని ఉపవాసం కూడా ఉన్నాను. కళ్లు మూసుకుని ప్రభువా నీ సన్నిధి చూపించు అన్నప్పుడల్లా బాబాయి చేను కళ్ల ముందుకొచ్చేది. ఎర్రబడ్డ ఆ చివర్లే. ఇది సాతాను చేస్తున్న ఆటంకం అనుకుని యేసు నామంలో గద్దించాను. నిజంగా గద్దించాను, పైకే! పక్కనున్నవాళ్లు ఆమేన్ కూడా అన్నారు. మళ్లీ కళ్లు మూస్తే మళ్లీ చేను. మూడో రాత్రి బండి మీద ఇంటికొస్తుంటే అప్పుడు తట్టింది, మూడు రాత్రులు నేను ఎవర్ని అడిగానో ఆయనే జవాబు చెబుతున్నాడనీ, నేను ఆయన్నే పొమ్మంటున్నాననీ.

బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ నీ సహోదరుడికి నీ మీద ఏదో ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని మత్తయి ఐదో అధ్యాయంలో ఉంది. అక్కడ మాట సరిగ్గా చూడండి, నీకు వాడి మీద కోపం ఉంటే అని కాదు, వాడికి నీ మీద ఉంటే. పొద్దున్నే వెళ్లాను. పిన్ని వాకిలి ఊడుస్తోంది, లోపలికి రమ్మనలేదు. బాబాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తూము ఎత్తింది నేనే బాబాయ్ అన్నాను, ఇంకా ఏదేదో చెప్పబోయాను, వాక్యం కూడా ఒకటి సిద్ధం చేసుకున్నాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "ముందా తూము మూసి రారా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. తూము అప్పటికే దింపేసి ఉంది గానీ అడుగున కారుతూనే ఉంది, ఆ సంగతి ఆయన రోజూ చూస్తున్నాడు, నేను చూడలేదు. వెళ్లి మట్టి బస్తాలు వేసి పూడ్చేశాను. ఆ పంటకి పోయిన పన్నెండు బస్తాల వడ్ల ధర రెండు విడతలుగా ఇచ్చాను. ఆయన వద్దనలేదు, నేను వద్దంటాడేమోనని లోపల కాస్త ఆశపడ్డ మాట నిజం. మాటలు కలవడానికి ఇంకో ఏడాది పట్టింది.

తూము పూడ్చిన రోజు రాత్రి గట్టు మీద కూర్చుంటే ఒళ్లు గగుర్పొడవడం, కన్నీళ్లు రావడం లాంటివేమీ లేవు. బురద చేతులు కడుక్కున్నా వాసన వస్తున్నాయి. కాకపోతే ఆయన అక్కడున్నాడన్న సంగతి, పక్కన మనిషి కూర్చుంటే చూడకపోయినా తెలుస్తుందే, అలా తెలిసింది. కాసేపే.

కాబట్టి మీరు ప్రార్థనకి కూర్చున్నప్పుడు మళ్లీ మళ్లీ ఒకే మనిషో, ఒకే బాకీయో, ఒకే అబద్ధమో గుర్తొస్తుంటే దాన్ని తోలేయకండి. కాగితం మీద రాసి, ఆ వారంలో దాని సంగతి తేల్చండి. డబ్బు ఇవ్వాల్సి ఉంటే డబ్బే ఇవ్వండి, ప్రార్థన చేస్తున్నానని చెప్పడం బదులు కాదు. ఒక్క జాగ్రత్త. మీ మీద చెయ్యి చేసుకున్నవాళ్లు, మిమ్మల్ని పాడుచేసినవాళ్లు గుర్తొస్తుంటే ఈ మాట మీకు కాదు, వాళ్ల గుమ్మం మీరు ఎక్కక్కర్లేదు. నమ్మకమైన మనిషి దగ్గర ముందు మీ బాధ చెప్పుకోండి.

ఉపవాసం గురించి రెండు మాటలు

షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడగకుండా ఉపవాసం ఉండొద్దు. శ్రమ దినాల 40 రోజులూ ఒంటిపూట తింటానని మొదలుపెట్టి కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని మా సంఘంలోనే చూశాను. అన్నం మానలేనివాళ్లు వారానికి ఒక పూట ఫోన్ మానండి, ఏది ఎక్కువ కష్టమో మీకే తెలుస్తుంది. ఇక సన్నిధి తెప్పిస్తామని చెప్పి నూనె సీసాలకీ, ప్రత్యేక ప్రార్థనకీ ఇంత అని రేటు పెట్టేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఉచితంగా పొందితిరి, ఉచితంగా ఇయ్యుడి అని ఆయనే అన్నాడు.

కాలువలు కట్టేసిన రోజులు

ఎంత చేసినా కొన్ని నెలలు ఏమీ తెలియదు. వాక్యం పేపరు చదివినట్టు ఉంటుంది, పాట నోటితోనే వస్తుంది. మనకి ఎండాకాలంలో ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్లు ఆపేస్తారు కదా, అడుగు బయటపడి ప్లాస్టిక్ కవర్లూ, కొబ్బరి డిప్పలూ, ఎప్పుడో పోయిన చెప్పులూ కనపడతాయి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఆ కాలువల మీదే బతుకుతున్నాం, అవి ఆగాయని గోదావరి చచ్చిపోయిందని ఎవరూ అనుకోరు. పూడిక తీయడం, లాకులు బాగుచేయడం, గట్లు వేయడం ఆ రోజుల్లోనే చేయాలి, నీళ్లుంటే కుదరదు. మీ ఎండు రోజుల్లో కూడా చోటు, వేళ మార్చకండి. 15 నిమిషాలు కష్టమైతే అయిదు చేయండి, కూర్చోవడం మానకండి. లోపల అడుగున ఏం బయటపడిందో చూడండి.

కానీ ఎండుదనం వేరు, డిప్రెషన్ వేరు. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, తిండి సయించకపోవడం, చచ్చిపోతే బాగుండు అనిపించడం, ఇవి ఉంటే ప్రార్థన సరిపోలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి. 14416 కి ఫోన్ చేస్తే టెలీమానస్ అని ప్రభుత్వం వాళ్లది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ పాస్టర్ గారు మందులు మానేయమంటే మాత్రం ఆ మాట వినకండి.

పడుకునే ముందు

ఇది ఇగ్నేషియస్ లొయోలా అనే ఆయన 16వ శతాబ్దంలో నేర్పింది, విజయవాడ లయోలా కాలేజీ పేరు విన్నారుగా, ఆ లయోలానే. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు, ముందు ఆ రోజుకి థాంక్స్ చెప్పండి, పేరు పేరునా. తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచి రోజుని నెమ్మదిగా వెనక్కి తిప్పి చూడండి. ఎక్కడ ఆయన దగ్గరగా ఉన్నట్టుంది, ఎక్కడ నేను ముఖం తిప్పేసుకున్నాను, రేపు ఏది సరిచేసుకోవాలి. నాకు మొదట్లో గుర్తొచ్చేవి ఎప్పుడూ ప్రార్థన చేసిన నిమిషాలు కావు. ఐస్ కొట్టు దగ్గర హమాలీ కుర్రాడు తన టీ సగం నాకు పోసింది గుర్తొచ్చింది ఒక రోజు. ఆ నిమిషంలో నేను ఫోన్‌లో రొయ్య రేటు చూసుకుంటూ ఉన్నాను, వాడి ముఖం కూడా సరిగా చూడలేదు. మర్నాడు వెళ్లి పేరు అడిగాను.

ఇవన్నీ విన్నాక చాలామంది అడిగేది, మాది ఒకటే గదండీ, ఆరుగురం ఉంటాం, చోటెక్కడ అని. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన, చర్చి తలుపులు తీసుంటే వెనక బల్ల మీద, లేకపోతే పిల్లల్ని బడి దగ్గర దింపాక బండి ఆపుకుని కాలువ లాకుల దగ్గర చెట్టు కింద. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పేయండి, ఈ పావుగంట నన్ను పిలవకండి, కరెంటు పోతే తప్ప అని. మా ఆవిడకి నేను అలాగే చెప్పాను, కరెంటు పోతే మాత్రం ఆవిడే మొదట గట్టు మీదకి పరిగెత్తుకొస్తుంది.